అరండల్‌పేట కొట్టులో ఆలివ్ గ్రీన్

గుంటూరు అరండల్‌పేటలో మా నాన్నకి టైలరు కొట్టు ఉండేది. ఆ వీధుల్లో టైలర్లకి కొదవ లేదు గానీ యూనిఫాంలు బాగా కుట్టేవాళ్ళు తక్కువ. అందుకని పోలీసుల ఖాకీ, ఆర్టీసీ వాళ్ళ ఖాకీ, కాలేజీల్లో ఎన్‌సీసీ పిల్లల ఖాకీ అన్నీ మా కొట్టుకే వచ్చేవి. జనవరి, ఆగస్టు నెలలు వచ్చాయంటే నాన్నకి కుదురుగా అన్నం తినే తీరిక ఉండేది కాదు. పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లో నడవాల్సిన పిల్లలు ముందురోజు సాయంత్రం దాకా ప్యాంటు పొడవు తగ్గించమని, భుజం పట్టీ సరిచేయమని కొట్టు ముందు నిలబడేవాళ్ళు.

ఆ ఖాకీ మధ్య అప్పుడప్పుడూ ఒక ఆకుపచ్చ జత కనిపించేది. సెలవు మీద ఊరొచ్చిన జవాను ఎవరో తెచ్చినది. ఆలివ్ గ్రీన్, ఫౌజీల మాటలో ఓజీ. అది వచ్చిందంటే నాన్న మిగతా పని పక్కన పెట్టేవాడు. స్టోర్లో ఇచ్చే బట్టలు ఏవో కొన్ని సైజుల్లోనే ఉంటాయి. యూనిట్‌లో టైలరు మాస్టరు ఉన్నా ఆయన ముందు ఎప్పుడూ పెద్ద క్యూ. అందుకే కొందరు ఒక జత ఊరికి తెచ్చుకుని, తీరిగ్గా ఒంటికి సరిపోయేలా చేయించుకుని, అదే వేసుకుని విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళు. పెళ్ళికొడుకులైతే ఆ జతతోనే స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగేవాళ్ళు.

నేను బడి నుంచి వచ్చి కాజాలు కుడుతూ వాళ్ళ మాటలు వినేదాన్ని. సైనికులంటే యుద్ధాల గురించి చెబుతారని మా తమ్ముడు చెవులు రిక్కించి కూర్చునేవాడు. వాళ్ళు చెప్పింది ఎక్కువగా చంకల గురించి, జేబుల గురించి, మోకాళ్ళ గురించి. చెయ్యి పైకెత్తితే చొక్కా ప్యాంటులోంచి బయటికి వస్తోంది, పొడవు పెంచగలరా మాస్టారూ? కూర్చుని లేస్తే సీటు దగ్గర కుట్టు పిగులుతోంది, రెండో కుట్టు వేయండి. ఛాతీ జేబు ఫ్లాపు చెమటకి మడత పడిపోతోంది, లోపల బకరం పెడతారా? తమ ప్రాణాన్ని మోసే బట్ట గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడే మనుషుల్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మా బాబాయి 80ల మొదట్లో ఫౌజులో చేరాడు. సికింద్రాబాద్‌లో సైన్యపు మరమ్మతు విభాగం ఈఎంఈ సెంటర్లో ట్రైనింగు, ఆ తర్వాత బండ్లు, ఇంజన్లు బాగుచేసే పని. మా ఇంట్లో టెర్రికాట్ మంచిదా కాటన్ మంచిదా అనే చర్చ మొదలుపెట్టింది ఆయనే. అప్పట్లో కొత్తగా చేరినవాళ్ళకి టెర్రికాట్ ఓజీ, అంటే పాలిస్టర్ కలిసిన బట్ట అంటే మోజు. గీత పడితే పడినట్టే నిలుస్తుంది, ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ కోసం రాత్రిళ్ళు కూర్చోనక్కర్లేదు. కాటన్ అలా కాదు. గంజి పెట్టాలి, నీళ్ళు చల్లి ఇస్త్రీ చేయాలి, పొద్దున పరేడ్‌కి నిగనిగలాడిన చొక్కా మధ్యాహ్నానికి నలిగిపోతుంది. అయినా బాబాయి కాటన్ పక్షమే.

"అన్నయ్యా, వెల్డింగ్ దగ్గర నిప్పురవ్వ పడితే టెర్రికాట్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కాటన్ అయితే కాలి ఊరుకుంటుంది" అని ముంజేతి మీద మచ్చ చూపించేవాడు.

నాన్న ఆ మచ్చని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఏ జవాను టెర్రికాట్ తెచ్చినా "నువ్వు చేసే పనేంటి నాయనా" అని ముందు అడిగేవాడు.

బాబాయి సెలవు అయిపోయే ముందురోజు అమ్మ అన్నం వార్చిన గంజి తీసి పెట్టేది. ఎండాకాలం గుంటూరులో గంజి పెట్టిన చొక్కా ఆరడానికి ఎంతసేపని! దండెం మీద అది అట్టలా నిలబడేది. నాన్న బొగ్గుల ఇస్త్రీపెట్టెతో చేతులకి కత్తి అంచులాంటి గీత తీసేవాడు. ఆ గీత రెండు పడితే ఫౌజులో పెద్ద తప్పని బాబాయి చెబితే, నాన్న తడిగుడ్డ వేసి మళ్ళీ మొదటినుంచీ చేయడం చూశాను.

తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. అప్పటికే రిటైరై చాలా ఏళ్ళయింది. తన పాత ఓజీ కోటుని పొలానికి వేసుకెళ్ళడానికి వీలుగా చిన్నది చేయించుకునేవాడు. 1962లో ఆయన ఈశాన్య సరిహద్దులో ఉన్నాడు. ఆ యుద్ధంలో మనవాళ్ళు ఎండాకాలపు కాటన్ బట్టలతో, కాన్వాసు బూట్లతో హిమాలయాల మీద నిలబడాల్సి వచ్చిన సంగతి ఈరోజు పుస్తకాల్లో అందరూ చదువుకోవచ్చు. ఆయన మాత్రం అది ఒంటి మీద అనుభవించినవాడు. తుపాకీ గురించి, శత్రువు గురించి ఒక్క మాటా చెప్పేవాడు కాదు. స్వెట్టరు సంగతి చెప్పేవాడు. ఇద్దరికి ఒకటే ఉంటే కాపలా మారినప్పుడల్లా విప్పి ఇచ్చుకున్నామని, వేసుకున్న మొదటి నిమిషంలో అవతలివాడి ఒంటి వేడి తగిలేదని చెప్పేవాడు. నాన్న ఆయన దగ్గర ఎప్పుడూ డబ్బులు తీసుకోలేదు.

శ్రీలంక నుంచి వచ్చినవాళ్ళది ఇంకో బాధ. 1987 నుంచి 1990 దాకా అక్కడ మన శాంతి దళం ఉంది కదా, మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళకి చలి బాధ లేదు. తడి బాధ. అడవిలో వానకీ చెమటకీ ఓజీ ఒంటి మీదే తడిసి, ఒంటి మీదే ఆరి, తొడల మధ్య ఒరుసుకుని పుండ్లు పడేవట. అలా వచ్చిన నాయక్ ర్యాంకు జవాను ఒకడు తన ప్యాంటు తిరగేసి నాన్నకి కుట్టు చూపించి, "ఇక్కడ కుట్టు లేకుండా ఒకే గుడ్డతో చేయలేరా మాస్టారూ" అన్నాడు. నాన్న చాలాసేపు ఆలోచించి, కుట్టుని కొంచెం ముందుకి జరిపి, లోపల మెత్తటి గుడ్డ ముక్క ఒకటి వేసి ఇచ్చాడు. ఆ జవాను మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు తన జట్టులో వాళ్ళవి కూడా తెచ్చాడు.

ఓజీ కూడా ఒకప్పుడు కొత్తదే. అంతకుముందు మన సైన్యం కూడా ఖాకీయే వేసుకునేది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో ఖాకీ దూరానికే కనబడిపోతుంటే ఆకుపచ్చకి మారారు. స్వాతంత్ర్యం తర్వాత ఆలివ్ గ్రీన్ స్థిరపడింది, ఖాకీ పోలీసులకి మిగిలింది. ఖాకీ వేసుకున్న పాతతరం వాళ్ళు ఆ ఆకుపచ్చని చూసి ఏమనుకున్నారో చెప్పేవాళ్ళు మా కొట్టుకి రాలేదు. వచ్చుంటే వాళ్ళూ నా చిన్నప్పటి ఫౌజీల్లాగే చంకల గురించే మాట్లాడి ఉండేవాళ్ళు.

తర్వాత మచ్చల బట్ట వచ్చింది. ఫౌజీలు హిందీలో చితకబరా అనేవాళ్ళు. మొదటిసారి ఆ గుడ్డ నాన్న చేతికి వచ్చినప్పుడు ఆయనకి ఒక పెద్ద సమస్య. గళ్ళ చొక్కా కుట్టేటప్పుడు జేబు మీద గడి చొక్కా గడితో కలవాలి, అది నాన్న పట్టుదల. అదే అలవాటుతో మచ్చకి మచ్చ కలిపి జేబు కుట్టబోతే ఆ జవాను వారించాడు. "కలపకండి మాస్టారూ, కలవకపోతేనే మాకు మంచిది. మనిషి ఆకారం చూసేవాడి కంటికి విరిగిపోవాలి" అన్నాడు. నాన్నకి ఆ మాట ఎంత నచ్చిందో! కలవని జేబు కుట్టడం కూడా పనితనమేనని అసిస్టెంటు కుర్రాళ్ళకి చూపించేవాడు.

అదే గుడ్డ పోలికతో ప్యాంట్లు, టోపీలు విజయవాడ బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్‌ల మీద కూడా కనిపించడం మొదలైంది. కాలేజీ కుర్రాళ్ళకి ఫ్యాషన్. అలాంటి గుడ్డ తెచ్చి కుట్టమంటే నాన్న కుట్టేవాడు కాదు. ఫౌజీ అయినా సరే, ముఖం తెలియకపోతే గుర్తింపు కార్డు చూపించమనేవాడు. బేరం పోతోందని అమ్మ అన్నా వినలేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవాళ్ళు సైనిక దుస్తుల్లో వచ్చారని తెలిసి, ఆ తర్వాత మామూలు జనం అలాంటి బట్టలు వేసుకోవద్దని సైన్యం విజ్ఞప్తి చేసినప్పుడు, నాన్న ఎన్నో ఏళ్ళుగా పాటించిన నియమం ఎంత సరైనదో మా అందరికీ అర్థమైంది.

ఇక 2022 సంక్రాంతి. జనవరి 15. ఆర్మీ డే కూడా ఆ రోజే. 1949లో జనరల్ కరియప్ప బ్రిటిష్ అధికారి చేతుల నుంచి సైన్యాధిపతి బాధ్యత తీసుకున్న రోజు. కొట్టు మూసేసి అప్పటికే కొన్నేళ్ళు. మా మేనల్లుడు, అంటే మా తమ్ముడి కొడుకు, ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో ఉన్నాడు. ఎప్పుడూ లేనిది ఆ పండక్కి సెలవు దొరికింది. బాబాయి వచ్చాడు. కొరిటెపాడులో ఉండే రిటైర్డ్ సుబేదారు గారు, నాన్నకి పాత స్నేహితుడు, అరిసెలు తినడానికి వచ్చి కూర్చున్నారు. టీవీలో ఢిల్లీ పరేడ్. పారాచూట్ రెజిమెంట్ జవాన్లు కొత్త కాంబాట్ యూనిఫాంలో నడిచారు. చిన్న చిన్న చదరపు చుక్కలు కలిసినట్టున్న డిజిటల్ నమూనా, మట్టిరంగు, ఆలివ్ రంగు కలగలిసి. చొక్కా టక్ చేయలేదు. బయటికే ఉంది.

సుబేదారు గారు అరిసె పక్కన పెట్టేశారు. "బెల్టు కనపడని యూనిఫాం ఏంటండీ మాస్టారూ! ఇత్తడి బకిల్ మెరవకపోతే ఆ రోజుల్లో మాకు శిక్ష పడేది. మనిషి నడుం బిగించాడా లేదా అనేది బెల్టులోనే కదా తెలిసేది" అన్నారు. ఆయన బాధ నిజమైనది. ముప్పై ఏళ్ళు పొద్దున్నే లేచి ఆ బకిల్ తోమిన చేతులవి.

మేనల్లుడు మెల్లిగా అందుకున్నాడు. "తాతగారూ, మేం ఎలాగూ పైన బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుంటాం. దాని కింద బెల్టూ కనపడదు, ఛాతీ జేబూ అందదు. కొండ మీద పాకుతుంటే టక్ ఎంతసేపు ఆగుతుంది? ఇందులో చేతి మీద జేబు ఇచ్చారట, పెన్ను పెట్టుకునే చోటుందట. మాకు అదే కావాలి" అన్నాడు.

బాబాయికి మాత్రం ఒక్కటే ప్రశ్న. "గుడ్డ ఏంట్రా?" నూటికి 70 పాళ్ళు కాటన్, 30 పాళ్ళు పాలిస్టర్ అని తెలిశాక ఆయన ముఖం కాస్త తేటపడింది. తేలిక, త్వరగా ఆరుతుంది, అయినా కాటనే ఎక్కువ. నలభై ఏళ్ళ కిందటి మా ఇంటి చర్చకి ఎవరో మధ్యేమార్గం చెప్పినట్టయింది.

నాన్న టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఆయన అడిగింది వేరు. "ఫోర్క్ దగ్గర ఏం చేశారో కనుక్కో నాయనా." ఫోర్క్ అంటే టైలర్ల మాటలో ప్యాంటు కాళ్ళు రెండూ కలిసేచోటు. మేనల్లుడు ఫోన్‌లో వెతికి చదివి వినిపించాడు. ఢిల్లీలోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ వాళ్ళతో కలిసి రూపొందించారని, ప్యాంటు నడుము దగ్గర ఎలాస్టిక్‌తో పాటు బొత్తాలతో బిగించుకునే వీలుందని, రెండు కాళ్ళు కలిసేచోట గుడ్డ రెండు పొరలుగా వేశారని ఉంది. నాన్న చప్పట్లు కొట్టాడు. శ్రీలంక నుంచి వచ్చిన ఆ నాయక్ పేరు తలుచుకుని, "వాడు అడిగింది ఇదేనమ్మా" అన్నాడు నాతో.

ఆ నెల 26న ఇంకో విశేషం. రిపబ్లిక్ డే పరేడ్‌లో, అప్పటికింకా అది రాజ్‌పథ్, పాతకాలపు యూనిఫాంలలో కూడా దళాలు నడిచాయి. రాజ్‌పుత్ రెజిమెంట్ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోని దుస్తుల్లో, పాయింట్ 303 రైఫిళ్ళతో. అస్సాం రెజిమెంట్ అరవైల నాటి దుస్తుల్లో. జమ్మూ కశ్మీర్ లైట్ ఇన్‌ఫాంట్రీ డెబ్బైల నాటి ఓజీలో, ఎస్ఎల్ఆర్ రైఫిళ్ళతో. ఆ తర్వాత 2022లో వాడుకలో ఉన్న యూనిఫాం, చివరికి పారా వాళ్ళు కొత్త డిజిటల్‌లో, టవోర్ రైఫిళ్ళతో. నాన్న జీవితంలో ఆయన చేతుల మీదుగా వెళ్ళిన బట్టల్లో సగం ఆ కాసేపట్లో టీవీలో నడిచి వెళ్ళాయి. ఓజీ వచ్చినప్పుడు బాబాయి లేచి నిలబడ్డాడు. కొత్తది వచ్చినప్పుడు కూడా నిలబడే ఉన్నాడు. పాతదాన్ని ప్రేమించేవాడు కొత్తదాన్ని కాదనాలని ఏమీ లేదని నాకు గట్టిగా అనిపించింది ఆ నిమిషంలోనే.

మేనల్లుడికి కొత్తదని గుడ్డి మోజు లేదు. ఆ సెలవులోనే ఒక మాట చెప్పాడు. అమెరికా సైన్యం 2004లో బూడిదరంగు డిజిటల్ నమూనా ఒకటి తెచ్చింది. ఎడారికీ అడవికీ ఊరికీ ఒకటే సరిపోతుందనుకున్నారు. అఫ్ఘానిస్తాన్‌లో అది ఒంటిని దాచలేదని, జేబులకి పెట్టిన వెల్క్రో పీకితే చప్పుడవుతుందని జవాన్లే గోల పెట్టారు. చివరికి 2015 నుంచి వేరే నమూనాకి మారారు. "కంప్యూటర్లో బాగుంటే సరిపోదు అత్తా. వేసుకున్నవాడు చెప్పాలి, ఎదురుగా నిలబడి వెతికినవాడు చెప్పాలి" అన్నాడు. మా కొట్టుకొచ్చిన ప్రతి ఫౌజీ అన్నమాటే అది, కాకపోతే వాళ్ళ మాట విన్నది ఒక టైలరు. పైదాకా వెళ్ళే దారి వాళ్ళకి ఉండేది కాదు. నా మనసులో బాధ ఏదైనా ఉందంటే అదే.

ఆ ఏడాది చివర్లో ఆ నమూనా హక్కుల్ని సైన్యం తన పేరు మీద పదేళ్ళకి రిజిస్టరు చేయించుకుందని, ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చని పేపర్లో చదివి నాన్నకి వినిపించాను. ఇకమీదట అనుమతి లేకుండా ఎవరూ తయారుచేయకూడదు, బజార్లో అమ్మకూడదు. సంతోషించాడు. అదే వార్తలో ఇంకో సంగతి ఉంది. కొత్త యూనిఫాం పద్ధతి ప్రకారం ఎలా కుట్టాలో నిఫ్ట్ వాళ్ళు మిలిటరీ టైలర్లకే కాక బయటి టైలర్లకి కూడా నేర్పిస్తున్నారని. నాన్న ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. "మనూరికి వస్తారా వాళ్ళు?" అన్నాడు. ఆయన చేతులు అప్పటికే వణికేవి, సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. అయినా అడిగాడు.

మేనల్లుడికి కొత్త జత చేతికొచ్చాక, తర్వాతి సెలవుకి నాన్నకి చూపించడానికని పెట్టెలో పెట్టుకొచ్చాడు. నాన్న దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు, తిరగేశాడు, బొటనవేలితో ప్రతి కుట్టూ తడిమాడు. జిప్పు మీద బొత్తాల పట్టీ వేయడం మెచ్చుకున్నాడు. వేసుకుని చేతులు పైకెత్తమన్నాడు, గొంతుక్కూర్చోమన్నాడు, లేవమన్నాడు. చంక కింద కాస్త బిగువు ఉందని, అది గుడ్డ తప్పు కాదని, వీడి భుజాలు వెడల్పని తేల్చాడు. లోపల వేసుకునే గుండ్రటి మెడ టీషర్టు బాగుందన్నాడు. మేనల్లుడి లెక్కలో అన్నిటికంటే పెద్ద సుఖం, రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరిపోవడం. మంచులో తడిబట్ట ఎంత ప్రమాదమో తెనాలి పెద్దాయన ఉంటే చెప్పేవాడు.

సుబేదారు గారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. 2023 ఆగస్టు నుంచి బ్రిగేడియరూ ఆపై అధికారులందరికీ ఒకటే రకం టోపీ, ఒకటే బెల్టు అని, భుజానికి వేసుకునే అల్లిక తాడు, లాన్‌యార్డ్, తీసేశారని తెలిసి ఇంకా నొచ్చుకున్నారు. ఆ స్థాయికి వెళ్ళినవాడు ఏ రెజిమెంటుకీ చెందకుండా అందరినీ ఒకేలా చూడాలనే ఉద్దేశం ఆయనకి అర్థమైంది. కానీ లాన్‌యార్డ్ రంగు చూసి ఇతను మా పల్టనువాడే అని దూరం నుంచే పోల్చుకున్న రోజులు ఆయనవి. ఆ రోజుల్ని కాదనే హక్కు నాకు లేదు. ఆయన మాట కూడా ఎవరైనా రాసుకుని పెట్టాలని నా కోరిక, అందుకే ఇక్కడ రాశాను.

నాకు మిగిలిన ప్రశ్న ఒకటుంది. మా కొట్టుకి ఎన్‌సీసీ ఆడపిల్లలు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఇచ్చే చొక్కాలు మగపిల్లల కొలతకే ఉండేవి. భుజాలు జారేవి, ఛాతీ దగ్గర బొత్తాం లాగేది, నడుం దగ్గర సంచిలా వేలాడేది. వాళ్ళు ఆ సంగతి నాన్నకి చెప్పుకోలేక నా చెవిలో చెప్పేవాళ్ళు. నేను పక్కకి తీసుకెళ్ళి కొలతలు తీసుకుని, ఒంటి వంపుకి తగ్గట్టు బిగించే మడతలు, డార్టులు, గుర్తుపెట్టి ఇస్తే నాన్న కుట్టేవాడు. 2021 మే నెలలో బెంగళూరులో 83 మంది అమ్మాయిలు మొదటిసారిగా మిలిటరీ పోలీసు జవాన్లుగా ట్రైనింగు పూర్తిచేసుకున్నారు. కొత్త యూనిఫాంలో ఆడవాళ్ళకి తగ్గట్టు మార్పులు చేశామని సైన్యం చెప్పింది. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ కింద అది ఎలా ఉంటుంది, పరిగెత్తితే ఎక్కడ ఒరుసుకుంటుంది, జేబులో వాళ్ళకి కావాల్సినవి పడతాయా, ఇవి వాళ్ళ నోటితోనే వినాలని ఉంది. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఆ యూనిఫాం వేసుకునే అమ్మాయి ఉంటే, తనని అడిగి నాకు రాయండి.